గడపయొద్ద నిలిచిన విశ్వాసులు

మతవిశ్వాసము మానవునకు పుట్టినిల్లు వంటిది. పుట్టినింటిని విడిచిపోవలసివచ్చినవాడు వేరొక యిల్లు కట్టుకొనవచ్చును గాని, ఆ యింట నేర్చిన మాటను, పాటను, ప్రార్థనను వెంటబెట్టుకొనియే పోవును. ఈ సంగతి యెరిగినవారికి నేడు క్రైస్తవ సంఘముల గడపలయొద్ద నిలిచియున్న యొక ప్రశ్నము ఎంత కఠినమైనదో సులభముగా బోధపడగలదు. తన లింగమువారియందే అనురాగము కలిగిన వ్యక్తి, నేటి యువకుల మాటలో ‘గే’ యనబడువాడు, తాను పుట్టి పెరిగిన క్రైస్తవభక్తిని విడువక, తన స్వభావమును గూర్చి అబద్ధమాడక జీవింపగలడా? ఇదియే ఆ ప్రశ్నము.

హైదరాబాదు నగరమున ఈ ప్రశ్నమును విచారించుటకు ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతములకంటె తగిన చోటు కనబడదు. ఆరవ నిజాము కొలువున నుండిన ఆల్బర్ట్ ఆబిడ్ అను వర్తకుని దుకాణమువలన పేరుగాంచిన ఆ కూడలికి కాలినడకదూరములోనే మూడు క్రైస్తవ సంప్రదాయములు పక్కపక్కన వెలసియున్నవి. గన్‌ఫౌండ్రీలో కతోలికుల సెయింట్ జోసెఫ్ కెథడ్రల్, కింగ్ కోఠి మార్గమున ఆంగ్లికన్ సంప్రదాయమునకు చెందిన సెయింట్ జార్జి దేవాలయము, ఛాపెల్ రోడ్డున మెథడిస్టుల మందిరము కలవు. వాటిని ఆనుకొని మిషను పాఠశాలలు తరతరములుగా విద్య గరపుచున్నవి. ఆదివారమునాడు ఒకవైపు గంటలు మ్రోగుచుండగా, మరియొకవైపు కాలిబాటలమీద పాతపుస్తకములు రాసులుగా పోయబడును. 1907లో తెరవబడిన నాంపల్లి స్టేషనులో రైలు దిగి చదువుకొరకో, కొలువుకొరకో నగరమునకు వచ్చు తెలుగు క్రైస్తవ యువకులలో పలువురు మొదట వెదకుకొనునది తమ భాషలో ఆరాధన జరుగు మందిరమునే. అట్టివారిలో స్వలింగానురక్తులును ఉందురు. వారు బయటినుండి వచ్చిన పరాయివారు కారు. శిశుప్రాయమున బాప్తిస్మము పొందినవారు; గాయకబృందమున పాడువారు; సండేస్కూలులో పిల్లలకు వాక్యము కంఠస్థము చేయించువారు.

అట్టి యువకునకు రెండువైపులనుండి రెండు సలహాలు వచ్చును. సంఘమునందలి పెద్దలు, “నీ స్వభావమును విడువుము, దేవుడు నిన్ను మార్చును” అందురు. సంఘము వెలుపలి స్నేహితులు, “నీ మతమును విడువుము, అది నిన్ను ద్వేషించుచున్నది” అందురు. పైకి విరుద్ధములుగా దోచు ఈ రెండు సలహాలును నిజమునకు ఒక్కటే. ఒకే హృదయమున ఈ రెండును నిలువజాలవని ఉభయులును ముందే తీర్పు చెప్పియున్నారు. ఆ తీర్పు సరియైనదియా యని శాస్త్రమును, చరిత్రమును, అనుభవమును పరిశీలించి చూడవలెను.

మొదట ధర్మశాసనము మాట. ప్రకృతి విరుద్ధమైన సంభోగమును శిక్షించు 377వ సెక్షను 1860నాటి భారత శిక్షాస్మృతిలోనిది. ఆంగ్లేయ పాలకులు చేసినది. నిజాము రాజ్యమునను అట్టి ఆలోచనయే నడచినది. 1329 ఫసలీ, అనగా 1919లో చేయబడిన శాసనమొకటి నగరమునందలి నపుంసకుల పేర్లను పట్టికకెక్కించుటకును, స్త్రీవేషమున బహిరంగస్థలములయందు కనబడినవారిని వారంటు లేకుండ పట్టుకొనుటకును అధికారమిచ్చినది. ఆ శాసనము రాజ్యాంగవిరుద్ధమని తెలంగాణ హైకోర్టు కొట్టివేసినది 2023 జూలైలో మాత్రమే. 377వ సెక్షనును 2009లో ఢిల్లీ హైకోర్టు కుదించెను. 2013లో సుప్రీంకోర్టు దానిని మరల నిలిపెను. తుదకు 2018 సెప్టెంబరు 6వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వయస్సువచ్చినవారి పరస్పర సమ్మతమైన సంబంధము నేరము కాదని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. వివాహపు హక్కును మాత్రము 2023 అక్టోబరు 17వ తేదీన అదే న్యాయస్థానము నిరాకరించెను. ఆ వ్యాజ్యమున వాదులైన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనువారు హైదరాబాదువాసులే.

ఈ వ్యాజ్యముల చరిత్రములో క్రైస్తవుల స్వరము ఒక్కటిగా లేదనుట గమనింపదగినది. 377వ సెక్షను ఉండవలెనని వాదించినవారిలో అపొస్తలిక్ చర్చెస్ అలయెన్స్, ఉత్కళ క్రైస్తవ మండలి కలవు. కాని 2013నాటి తీర్పు వెలువడినప్పుడు బొంబాయి కార్డినల్ ఆస్వాల్డ్ గ్రేషియస్, స్వలింగ వివాహమును తమ సభ యంగీకరింపదని స్పష్టముచేయుచునే, ఆ ప్రజలను నేరస్థులుగా తామెన్నడును భావింపలేదని ప్రకటించెను. పోప్ ఫ్రాన్సిస్ 2023 జనవరిలో పాపము వేరు, నేరము వేరు అని విడదీసి చెప్పి, స్వలింగానురక్తి నేరము కాదనెను. అయితే ధర్మశాసనము చేయగలిగిన పని ఇంతటితో సరి. ఎవరిని చెరసాలకు పంపరాదో న్యాయస్థానము చెప్పగలదు. ఎవరిని ప్రభుభోజనపు బల్లయొద్దకు పిలువవలెనో చెప్పజాలదు. ఆ పని సంఘమే చేయవలెను.

సంఘము తన పనికి ఆధారముగా గ్రంథమును తెరచును. సంప్రదాయవాదుల పక్షమును తేలికచేయుట న్యాయము కాదు. సృష్ట్యాదిని స్త్రీపురుషుల జత, లేవీయకాండములోని నిషేధము, రోమీయులకు వ్రాసిన పత్రికలోని మొదటి అధ్యాయము, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని పాపుల పట్టిక అను వీటిమీద ఆ పక్షము నిలిచియున్నది. దానిని పూనినవారందరు ద్వేషముతో పూనినవారు కారు. శాస్త్రమునకు లోబడుటయే భక్తియని నమ్మినవారు. అట్టి నమ్మకము గలవారికి “కాలము మారినది” అను సమాధానము సమాధానమే కాదు.

అయినను ఆ వచనముల భాషను చదువరి జాగ్రత్తగా చూడవలెను. కొరింథీయుల పత్రికలో పౌలు వాడిన రెండు గ్రీకు మాటలలో మొదటిదానికి ‘మెత్తనివారు’ అని అక్షరార్థము. తెలుగు బైబిలు అనువాదకులు దానికి ‘ఆడంగితనము’ అను మాటను, రెండవదానికి ‘పురుష సంయోగము’ అను మాటను ఎన్నుకొనిరి. 1946నాటి ఆంగ్లానువాద మొకటి ఆ రెండింటిని కలిపి ‘స్వలింగానురక్తులు’ అను ఆధునికపదముగా మార్చెను. 1971లో ఆ యనువాదకర్తలే ఆ మాటను తొలగించి వేరొకటి వేసిరి. ఆ గ్రీకు పదములు బాలురపై జరుగు అత్యాచారమును సూచించునా, ధనమునకై జరుగు వ్యభిచారమును సూచించునా, సమస్త స్వలింగ సంబంధములను సూచించునా యని పండితులు నేటికిని వాదించుచున్నారు. ఈ వాదముతో సంప్రదాయపక్షము కూలిపోదు. కాని యొక మాటయొక్క అర్థము ఇంత సందిగ్ధముగా నున్నప్పుడు, దానిని పదునాఱేండ్ల బాలునిమీద రాయివలె విసరుటకు ముందు చేయి కొంత తడబడవలెను. సొదొమ పాపమును గూర్చి ఉపదేశించువారు యెహెజ్కేలు పదునాఱవ అధ్యాయమును కూడ చదువవలెను. అచ్చట ప్రవక్త ఆ పట్టణపు దోషమును వర్ణించుచు, గర్వమును, ఆహారసమృద్ధిని, దీనులను ఆదుకొనకపోవుటను ముందుగా పేర్కొనెను.

అంతకంటె ముఖ్యమైనది, గ్రంథములోనే నడచిన యొక ప్రయాణము. ద్వితీయోపదేశకాండము నపుంసకుని దేవుని సమాజమునుండి వెలిచేసినది. తరువాతి కాలమున యెషయా గ్రంథము యాబదియాఱవ అధ్యాయములో, దేవుని నిబంధనను గైకొను నపుంసకులకు కుమారులకంటెను కుమార్తెలకంటెను శ్రేష్ఠమైన పేరు దేవుని మందిరములోనే దొరకునని వాగ్దానము వినబడినది. అపొస్తలుల కార్యములలో ఐతియొపీయ రాణి మంత్రియైన నపుంసకుడు రథముమీద కూర్చుండి ఆ యెషయానే చదువుచు, నీళ్ళు కనబడగానే తనకు బాప్తిస్మ మిచ్చుటకు అడ్డేమని ఫిలిప్పును అడిగెను. ఫిలిప్పు రథము దిగి నీటిలోనికి నడచెను. నపుంసకుడు, స్వలింగానురక్తుడు ఒకటే యని చెప్పుట కాదు. దేవుని పేర మూయబడిన తలుపు దేవుని పేరనే తెరవబడుట గ్రంథమునకు క్రొత్త కాదని చెప్పుటయే యిచ్చటి తాత్పర్యము. నిజాము శాసనము ఏ పేరుతో మనుష్యులను పట్టికకెక్కించినదో, యెషయా ఆ పేరుగలవారికే మందిరములో స్థానమిచ్చెను.

తెలుగుదేశపు సంఘచరిత్రము కూడ ఈ సంగతికి సాక్ష్యమిచ్చును. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పని ప్రారంభించిన దినములలో, మాదిగలను చేర్చుకొన్నయెడల తాము రాజాలమని పై కులములవారు ఆయనకు స్పష్టముగా చెప్పిరి. లోకమునకు గౌరవనీయమైన సంఘము కావలెనో, ద్వారమున నిలిచినవారు కావలెనో తేల్చుకొనవలసివచ్చినది. ఆయన ద్వారమున నిలిచినవారినే కోరుకొనెను. 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది గుండ్లకమ్మ యేటిలో బాప్తిస్మము పొందిరి. ఆ చరిత్రము యొక ఫలమును ఇటీవల అందరు చూచిరి. సెయింట్ జోసెఫ్ దేవాలయము ఏ యగ్రపీఠమునకు కెథడ్రల్ అయియున్నదో, ఆ హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని 2022లో కార్డినల్ పదవి నందెను. దళితులలో ఆ పదవి నందిన ప్రథముడు ఆయనయే. గుడి తలుపు మూయబడిన భక్తుడు గబ్బిలముద్వారా కాశీ విశ్వేశ్వరునకు తన గోడు పంపుకొనుట ఇతివృత్తముగా గుఱ్ఱం జాషువ 1941లో కావ్యము వెలువరించెను. ఉపాధ్యాయులు తరగతులలో ఆ ‘గబ్బిలము’ను బోధించుచున్నారు. దేవునియందు కోపము లేక, దేవునికిని తనకును మధ్య నిలిచిన కావలివారియందు మాత్రమే దుఃఖము గల భక్తుని మనస్సు ఎట్టిదో దానివలన తెలిసికొననివారుండరు.

ఇచ్చట సంప్రదాయవాదులు న్యాయమైన ఆక్షేపణ నొకటి చేయవచ్చును. కులము జన్మమువలన కలుగును. దానిలో దోషము లేదు. స్వలింగ సంబంధ మన్ననో నడవడికి సంబంధించినది. రెండింటిని పోల్చుట ఎట్లు? ఈ ఆక్షేపణలో కొంత బలము కలదు. కాని ఆ బలము ఎచ్చటివరకు వచ్చునో చూడవలెను. 1992నాటి కతోలిక సత్యోపదేశ గ్రంథమే ప్రవృత్తిని, ప్రవర్తనను వేరుచేసినది. ప్రవర్తనను దోషముగా నెంచుచునే, ఆ ప్రవృత్తి గలవారిని గౌరవముతోను కరుణతోను చేర్చుకొనవలెననియు, అన్యాయమైన వివక్ష చూపరాదనియు విధించినది. ప్రవృత్తి ఒకడు ఎన్నుకొన్నది కాదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అమెరికా మనోవైద్యుల సంఘము 1973లోను, ప్రపంచ ఆరోగ్యసంస్థ 1990లోను దానిని వ్యాధుల పట్టికనుండి తీసివేసినవి. భారత మనోవైద్యుల సంఘము 2018లో అది వ్యాధి కాదని ప్రకటించినది.

“దేవుడు మార్చును” అను వాగ్దానమునకు పట్టిన గతి ఇంకను విచారకరము. అమెరికాలో ప్రార్థనచేతను ఉపదేశముచేతను ఈ ప్రవృత్తిని మార్చెదమని దశాబ్దములపాటు పనిచేసిన ‘ఎక్సోడస్ ఇంటర్నేషనల్’ అను క్రైస్తవ సంస్థ 2013లో తన తలుపులు మూసికొనెను. దాని అధ్యక్షుడే తమవలన గాయపడినవారిని క్షమాపణ వేడెను. భారతదేశమున మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ 2021 జూన్ 7వ తేదీన ఇట్టి మార్పు చికిత్సలను నిషేధించుచు ఉత్తర్వులిచ్చెను. ఆ విషయము తనకు తెలియదని దాచుకొనక, తీర్పునకు ముందు తానే మనోవిజ్ఞాన నిపుణురాలియొద్ద కూర్చుండి నేర్చుకొనెను. 2022లో జాతీయ వైద్య మండలి అట్టి చికిత్సను వైద్యుల దుష్ప్రవర్తనగా ప్రకటించెను. వైద్యుడు చేయరాదని తేలిన పనిని స్వస్థతకూటములలో బోధకుడు చేయవచ్చునా?

ఇచ్చట విశ్వాసమునకే పెద్ద ప్రమాదము కలదు. ఉపవాసములు చేసి, కన్నీటితో ప్రార్థించి, తైలాభిషేకము పొంది, మారని యువకునితో పెద్దలు ఏమందురు? “నీ విశ్వాసము చాలలేదు” అందురు. యోబు స్నేహితులు చెప్పినదియు ఇదియే. బాధపడువానియందు దాగిన దోషమేదో యుండితీరునని వారు పుంఖానుపుంఖములుగా వాదించిరి. గ్రంథాంతమున దేవుడు కోపించినది యోబుమీద కాదు, ఆ స్నేహితులమీద. దేవుని పక్షమున మాటలాడుచున్నామనుకొన్నవారు దేవునిగూర్చి యుక్తమైనది పలుకలేదని తేలెను.

మార్పు లేదని యొప్పుకొన్నపిమ్మట, విశ్వాసములో నిలువగోరువారికి రెండు త్రోవలు కనబడుచున్నవి. మొదటిది బ్రహ్మచర్యము. అమెరికన్ పండితుడు వెస్లీ హిల్ తాను స్వలింగానురక్తుడనని దాచక, సంప్రదాయబోధకు లోబడి బ్రహ్మచారిగా జీవించుటను గూర్చి 2010లో గ్రంథము ప్రచురించెను. రెండవది ఒక్కరితో జీవితాంతము నమ్మకముగా నుండు నిబంధన. ఆంగ్లదేశపు సంఘము 2023 డిసెంబరునుండి అట్టి జంటల కొరకు ఆరాధనలో ఆశీర్వాదప్రార్థనల ననుమతించెను. అదే నెలలో రోము, వివాహముతో పోలిక రాకుండ, అట్టివారికి గురువులు దీవెన ఇయ్యవచ్చుననెను. అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టు సంఘము 2024లో తన నిషేధములను తీసివేసెను. దక్షిణ ఇండియా సంఘము ఆంగ్లికన్ కూటమిలోనిదైనను, భారత మెథడిస్టు సంఘము 1981నుండి స్వతంత్రమై యున్నదైనను, ఆ యనుమతులు ఆబిడ్స్ మందిరములకు వాటంతట అవి రావు. ఆఫ్రికా మేత్రాణులు రోము దీవెనలను 2024 జనవరిలో నిరాకరించుటను బట్టి లోకసభ యెంత భిన్నముగా నున్నదో తెలియును.

ఏ త్రోవ సరియైనదో ఈ తరముననే తేలునని ఆశింపనక్కరలేదు. కాని సంప్రదాయమును నిలుపదలచినవారు తమ బోధకు తామే బాధ్యులు కావలెను. బ్రహ్మచర్యము వరమని పౌలు చెప్పెను. వరమును నిర్బంధముగా ఇయ్యజాలరు. కతోలిక గురువునకు బ్రహ్మచర్యముతోపాటు గౌరవము, సహవాసము, వృద్ధాప్యమున ఆశ్రయము లభించును. ఒంటరిగా నుండుమని ఆజ్ఞాపింపబడిన యువకునకు సంఘము వీటిలో ఏమి ఇచ్చుచున్నది? తెలుగు క్రైస్తవ కుటుంబములలో ఇరువదియైదేండ్లు దాటిన బిడ్డను ప్రతివారును అడుగునది ఒక్కటే: “సంబంధము కుదిరినదా?” తుదకు ఆ యొత్తిడికి లొంగి అతడు ఏమియు తెలియని యొక కన్యను బలిపీఠమునెదుట చేయిపట్టును. ఆ ప్రమాణము అబద్ధమని అతనికి తెలియును. కొన్నియెడల తలిదండ్రులకును తెలియును. దానివలన చెడిపోవునది అతని జీవితమొక్కటే కాదు. ఆమె తనయందే లోపమున్నదని తలచుచు యేండ్లకొలది క్రుంగిపోవును. స్వలింగ వివాహమును దీవింపజాలమనువారు, కనీసము ఇట్టి వివాహమును దీవించుటకైన జంకవలెను. ఇట్టి బాధయే స్వలింగానురక్తయైన స్త్రీకి ఇంకను తీవ్రముగా కలుగును. ఆమెకు కాదని చెప్పు అవకాశము ఇంకను తక్కువ.

మతమును విడువుమను స్నేహితులు కూడ ఆలోచింపవలసినది కలదు. హైదరాబాదులో 2013నుండి క్వియర్ ప్రైడ్ ఊరేగింపులు జరిగినవి. ఎందరికో అవి ధైర్యమిచ్చినవి. కాని మెడలోని సిలువను చొక్కాలోపలికి త్రోసికొని ఊరేగింపులో నడచువాడును, హృదయములోని మాటను మ్రింగివేసి మందిరములో పాడువాడును ఒక్కడే. భక్తి అతనికి ఎవరో తగిలించిన సంకెల కాదు. తల్లి చనిపోయిననాడు అతని నోట వచ్చినది కీర్తనయే. విలాపకీర్తనలు దేవునిమీదనే దేవునికి మొరపెట్టుకొనుట నేర్పినవి. అట్టి భాష అతనికి వేరెచ్చటను దొరకదు. దానిని విడువుమనుట స్వేచ్ఛ నిచ్చుట కాదు. కేప్‌టౌన్ ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ స్వలింగానురక్తుల పక్షమున నిలుచుటకు తన విశ్వాసమును విడిచిపెట్టలేదు. వర్ణవివక్షకెదురుగా పోరాడిన విశ్వాసముతోనే ఇందునను పోరాడెను.

వివాహవాదము తేలువరకు ఆగనక్కరలేక, నేడే చేయదగిన పనులు కొన్ని కలవు. వేదికమీదనుండి పరిహాసము మానవలెను. నమ్మి చెప్పుకొన్నవాని రహస్యమును ప్రార్థనాంశముగా వీధికెక్కింపరాదు. దయ్యములను వెళ్ళగొట్టువారికి బిడ్డలను అప్పగింపరాదు. మృతునకు సమాధిస్థలమును, జీవించువానికి సహవాసమును నిరాకరింపరాదు. ఇక ఉపాధ్యాయుల బాధ్యత మిక్కిలి పెద్దది. బాలుడు తన్ను తాను గుర్తించుకొను వయస్సులో ఎక్కువకాలము గడపునది పాఠశాలలోనే. అతని నడకనో గొంతునో చూచి తోడివారు ‘తేడా’ యని పిలిచినప్పుడు, ఉపాధ్యాయుడు విననట్లు నల్లబల్లవైపు తిరిగినయెడల, ఆ మాటకు తానును వంతపాడినవాడగును. ఆ బాలుడు ఒకనాడు ధైర్యముచేసి నిజము చెప్పినప్పుడు, తలిదండ్రులకు వెంటనే చేరవేయక, ముందుగా వినువాడొక్కడు ఆ పాఠశాలలో ఉండవలెను.

ఆదిసంఘమునందు అన్యజనులను చేర్చుకొనుటను గూర్చి ఇంతటి వివాదమే పుట్టినది. యెరూషలేములో పెద్దలు కూడిరి. పేతురు తాను చూచినది చెప్పెను. పౌలు, బర్నబా తాము చూచినది చెప్పిరి. సమూహమంతయు ఊరకుండి వినెను. ఆ పిమ్మటనే యాకోబు తీర్మానము పలికెను. 1998నాటి లాంబెత్ మహాసభ సంప్రదాయబోధను స్థిరపరచుచునే, స్వలింగానురక్తుల అనుభవమును వినెదమని మాట యిచ్చినది. వినుట అంగీకరించుట కాదు. కాని వినకుండ చెప్పిన తీర్పు తీర్పు కాదు. ఛాపెల్ రోడ్డున నేమి, గన్‌ఫౌండ్రీలో నేమి, కింగ్ కోఠిలో నేమి, ప్రతి సంఘమును తన గాయకబృందములో, తన యౌవనకూటములో, తన పాఠశాల బల్లలమీద కూర్చున్నవారి మాటను ముందుగా వినవలెను. వారు సంఘమును మార్చుటకు వచ్చినవారు కారు. బాప్తిస్మమునాడు సంఘము తమకిచ్చిన మాటను నిలుపుకొనుమని అడుగుచున్నారు.